రోబోట్ అరీనా 2లో పోటీ బాట్‌ను రూపొందించడం: ఆయుధం నుంచి లోపలికి

రోబోట్ అరీనా 2 అనేది రోబోట్‌లను (బాట్‌లను) కట్టి పోట్లాడించే వీడియో గేమ్. దాని గ్యారేజ్‌లోకి అడుగు పెట్టగానే ఆట మన ముందు ఉంచేది చాసిస్, అంటే బాట్ ఒంటి చట్రం, గీసుకోవడానికి ఒక గళ్ల పలక. అందువల్ల కొత్తగా వచ్చినవారు దాదాపు అందరూ ముందుగా ఒక పెట్టె గీస్తారు, దానికి చక్రాలు బిగిస్తారు, లోపల బ్యాటరీలు సర్దుతారు, అన్నీ అయిన తరువాత మిగిలిన బరువులో ఏ ఆయుధం పడుతుందో వెతుక్కుంటారు. అలా తయారైన బాట్ నడుస్తుంది, తిరుగుతుంది, ఆటలో ముందే ఉన్న బలహీనమైన ప్రత్యర్థులను గెలుస్తుంది కూడా. కానీ మరొక మనిషి ఆలోచించి కట్టిన బాట్ ఎదురైతే మొదటి అర నిమిషంలోనే చేతులెత్తేస్తుంది. పోటీకి నిలిచే బాట్‌ను కట్టే వరుస దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది: ముందు ఆయుధం, తరువాత దాన్ని తిప్పే మోటార్, ఆ మోటార్‌కు సరిపడే బ్యాటరీ, వాటిని శత్రువు దగ్గరకు చేర్చే చక్రాలు, చిట్టచివర వీటన్నిటినీ బిగుతుగా చుట్టే చాసిస్. ఈ వ్యాసం ఆ వరుసను, దాని వెనుక ఉన్న లెక్కను వివరిస్తుంది.

ఈ ఆట 2003లో వచ్చింది. గేబ్రియల్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ తయారు చేసింది. బ్రిటన్‌లో రోబోట్ వార్స్, అమెరికాలో బ్యాటిల్‌బాట్స్ టీవీ కార్యక్రమాలకు వచ్చిన ఆదరణ ఇంకా అందరికీ గుర్తున్న కాలం అది. ఇన్నేళ్ల తరువాత కూడా దీన్ని ఆడేవారు ఉండటానికి కారణం బొమ్మల నాణ్యత కాదు. హావోక్ ఫిజిక్స్ ఇంజన్ మీద నడిచే ఈ ఆటలో దెబ్బ అనేది ముందే రాసిపెట్టిన సంఖ్య మాత్రమే కాదు. ఏ బరువు, ఎంత వేగంతో, ఏ కోణంలో, ఏ భాగానికి తగిలిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. కాబట్టి ఇంటర్‌లో చదువుకున్న భౌతికశాస్త్రం ఇక్కడ నిజంగానే పనికి వస్తుంది. నిజమైన బాట్‌లు కట్టేవారి అనుభవం కూడా చాలా వరకు అలాగే వర్తిస్తుంది.

ఎలా గెలవాలో ముందు తేల్చుకోండి

కాగితం మీద మొదట రాయవలసింది బాట్ పేరు కాదు, అది గెలిచే తీరు. ఒక్క వాక్యం చాలు. "ప్రత్యర్థి చక్రాలను పక్క నుంచి కొట్టి ఊడగొడుతుంది", "కిందికి దూరి పైకి ఎత్తి తిరగేస్తుంది", "ఎదురు దెబ్బ తట్టుకుంటూ గోడకు నెట్టి కదలకుండా చేస్తుంది". ఆ వాక్యంలో రెండు పనులు ఉంటే ఒకటి కొట్టేయండి. నేను చూసిన ఓడిన బాట్‌లలో ఎక్కువ భాగం బలహీనమైనవి కావు, రెండు పనులు సగం సగం చేసేవి: ముందు ఒక తిరిగే డిస్క్, వెనుక ఎదుటి బాట్‌ను ఎత్తి తిరగేసే ఒక ఫ్లిప్పర్, రెండింటికీ వేర్వేరు మోటార్లు, రెండింటికీ చాలని బరువు.

బరువు పరిమితి కఠినంగా ఉంటుంది. లైట్‌వెయిట్‌కు 250 కిలోలు, మిడిల్‌వెయిట్‌కు 400, హెవీవెయిట్‌కు 800. కొత్తవారు మిడిల్‌వెయిట్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. లైట్‌వెయిట్‌లో ఒక బ్యాటరీ మార్చినా లెక్క అంతా తారుమారవుతుంది. హెవీవెయిట్‌లో బరువు ధారాళంగా దొరుకుతుంది కాబట్టి తప్పులు కనబడవు, కనబడని తప్పును దిద్దుకోలేము. 400 కిలోలలో నేను సుమారు మూడో వంతును ఆయుధానికీ దాని మోటార్‌కూ కలిపి పక్కన పెట్టుకుంటాను. ఆ వాటాను చక్రాలకో కవచానికో చివర్లో అప్పు ఇవ్వను. అవసరమైతే చాసిస్‌ను చిన్నది చేస్తాను.

గెలిచే తీరులను బట్టి బాట్‌లు కొన్ని కుటుంబాలుగా విడిపోతాయి. ఆయుధం నేలకు సమాంతరంగా తిరిగితే అడ్డ స్పిన్నర్, నిలువుగా తిరిగితే నిలువు స్పిన్నర్. తిరగేసేది ఫ్లిప్పర్, ఆయుధం లేకుండా నెట్టేది ర్యామర్. అసలు పోటీలలో వీటన్నిటికీ పేరుమోసిన ఉదాహరణలు ఉన్నాయి. జార్జ్ ఫ్రాన్సిస్ కట్టిన కేయాస్ 2 ఫ్లిప్పర్‌తో రోబోట్ వార్స్ మూడు, నాలుగు సిరీస్‌లు గెలిచింది. రే బిల్లింగ్స్ బాట్ టూంబ్‌స్టోన్ పెద్ద అడ్డ కడ్డీతో ఎదుటి బాట్‌లను ముక్కలు చేసి 2016లో బ్యాటిల్‌బాట్స్ గెలిచింది. కానీ అదే టూంబ్‌స్టోన్ 2015 ఫైనల్‌లో ఏటవాలు ముందుభాగం, ఎత్తే చేయి ఉన్న బైట్ ఫోర్స్ చేతిలో ఓడింది. ఏ కుటుంబానికైనా విరుగుడు ఉంటుంది. అందుకే "అన్నిటికన్నా మంచి ఆయుధం ఏది" అన్న ప్రశ్న కన్నా "నా ఆయుధానికి విరుగుడు ఎదురైతే నా దగ్గర ఏముంది" అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది.

తిరిగే ఆయుధం: బరువు ఎక్కడ ఉందన్నదే లెక్క

స్పిన్నర్ల దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే లెక్క తెలిసినవారికీ తెలియనివారికీ తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడే. తిరిగే ఆయుధంలో దాగి ఉన్న శక్తి దాని జడత్వ భ్రామకం మీద, కోణీయ వేగం మీద ఆధారపడుతుంది. జడత్వ భ్రామకం అంటే బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత, దూరం అందులో వర్గంగా వస్తుంది. 80 సెంటీమీటర్ల పొడవు, 20 కిలోల బరువు ఉన్న ఏకరీతి కడ్డీని నడిమధ్యన పట్టి తిప్పితే దాని జడత్వ భ్రామకం సుమారు 1.07. అదే 80 సెంటీమీటర్ల పొడవుకు తేలికైన గొట్టం వాడి, రెండు చివర్లలో ఐదేసి కిలోల సుత్తి తలలు బిగిస్తే, గొట్టం బరువును లెక్కలోకి తీసుకోకపోయినా 1.6 వస్తుంది. సగం బరువుతో ఒకటిన్నర రెట్లు శక్తి. తిరగలి రాయికీ వడిసెలకూ ఉన్న తేడా ఇదే: తిరగలిలో బరువు అంతటా పరచుకుని ఉంటుంది, వడిసెలలో అంతా చివరి రాయిలోనే ఉంటుంది.

కాబట్టి ఆటలో ఆయుధాన్ని అమర్చేటప్పుడు ఇరుసు దగ్గర తేలికైన భాగాలు, చివర్లో బరువైన భాగాలు ఉండాలి. ఇరుసు చుట్టూ అలంకారంగా పెట్టిన డిస్క్ బరువు తింటుంది తప్ప దెబ్బకు ఏమీ కలపదు. అయితే చివర్లు మరీ దూరం పోతే రెండు ఇబ్బందులు వస్తాయి: ఆయుధం పూర్తి వేగం అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, పొడవైన చేతుల మొదళ్ల దగ్గర ఒత్తిడి పెరిగి ఒక దెబ్బకే చేయి మొత్తం ఊడిపోతుంది.

వేగం సంగతికి వస్తే, అది రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అందుకని వేగం ఎంత పెంచితే అంత మంచిదనుకోవడం సహజం. ఇక్కడే ఒక మెలిక ఉంది. బాట్ సెకనుకు 2 మీటర్ల వేగంతో ముందుకు వెళ్తోందని, ఆయుధం నిమిషానికి 1200 చుట్లు తిరుగుతోందని, దానికి రెండు పళ్లు ఉన్నాయని అనుకుందాం. సెకనుకు 20 చుట్లు, అంటే 40 సార్లు ఒక పన్ను ముందుకు వస్తుంది. ఒక పన్నుకూ మరో పన్నుకూ మధ్య బాట్ 5 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ పన్ను ప్రత్యర్థి శరీరంలోకి అంత లోతుగా దిగే అవకాశం ఉందన్నమాట. నాలుగు పళ్లు పెడితే అది రెండున్నర సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. వేగాన్ని రెట్టింపు చేసినా అంతే. పన్ను లోతుగా పట్టకపోతే ఆయుధం ప్రత్యర్థి ఒంటి మీద గీతలు గీస్తూ జారిపోతుంది, లోపల ఉన్న శక్తి అంతా లోపలే ఉండిపోతుంది. పళ్లు ఎక్కువగా ఉంటే చూడటానికి భయంకరంగా ఉండవచ్చు, కానీ పని చేసేది తక్కువ పళ్లున్న ఆయుధమే.

వీడియో గేమ్‌కు మాత్రమే ఉండే మరో కారణం కూడా ఉంది. ఫిజిక్స్ ఇంజన్ కదలికను నీటి ధారలా నిరంతరాయంగా లెక్కించదు, చిన్న చిన్న అంగలుగా లెక్కిస్తుంది. సెకనుకు 60 అంగలు అనుకుంటే, నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఆయుధం ఒక్కో అంగలో 120 డిగ్రీలు దాటిపోతుంది. 40 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న కొన అయితే ఒక్క అంగలో సుమారు 84 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. సన్నని ముల్లు లాంటి కొన ఆ మధ్యలో ఉన్న ప్రత్యర్థిని ఆట గమనించకుండానే దాటిపోవచ్చు. వేగంగా తిరిగే ఆయుధానికి వెడల్పైన, మందమైన తలలే మేలు చేయడానికి ఇదీ ఒక కారణం. సన్నని మొనలను నెమ్మదిగా పొడిచే బాట్‌లకు వదిలేయండి.

అడ్డ స్పిన్నర్ కట్టేవారు తమ దెబ్బ తమకూ తగులుతుందని గుర్తుంచుకోవాలి. ఆయుధం ప్రత్యర్థిని ఎడమకు విసిరితే మన బాట్ కుడికి విసిరివేయబడుతుంది, అసలు టూంబ్‌స్టోన్ కూడా తన దెబ్బకు తానే గిరగిర తిరుగుతుంది. ఇందుకు విరుగుడు బాట్‌ను పొట్టిగా, వెడల్పుగా, చక్రాలు వెనక్కి, బరువు కిందికి ఉండేలా కట్టడం. ఆయుధం ఎత్తు కూడా ముందే తేల్చుకోవాలి. నేలకు దగ్గరగా తిరిగేది చక్రాలను తింటుంది, కానీ ఏటవాలు వెడ్జ్ (ముందుభాగం నేల దాకా వాలుగా ఉన్న బాట్) ఎదురైతే దాని మీద జారుతూ పైకి లేచి తనే ఎగిరిపోతుంది. నడుము ఎత్తులో తిరిగేది వెడ్జ్‌ల పై అంచును పట్టుకోగలదు, పొట్టి బాట్‌లను అసలు తాకలేదు.

నిలువు స్పిన్నర్‌కు ఈ బాధ లేదు. ముందువైపు పన్ను కింది నుంచి పైకి తిరిగేలా పెడితే ప్రత్యర్థి గాలిలోకి లేస్తాడు, ప్రతిచర్య మన బాట్ ముందుభాగాన్ని నేలకు అదుముతుంది, నేల దాన్ని మోస్తుంది. దీని కష్టం మలుపుల్లో ఉంది. బలంగా తిరిగే బొంగరాన్ని వాల్చబోతే అది ఎదురు తిరుగుతుంది. నిలువు స్పిన్నర్ ఉన్న బాట్ పక్కకు తిరిగినప్పుడూ అదే జరిగి, ఒక వైపు చక్రం నేల వదిలి లేస్తుంది. ఎంత వేగంగా తిరిగితే లేస్తుందో లెక్క కట్టవచ్చు. 400 కిలోల బాట్, మధ్య నుంచి చక్రానికి 35 సెంటీమీటర్లు అనుకుంటే దాన్ని నేలకు పట్టి ఉంచే టార్క్ (తిప్పే బలం) సుమారు 1370 న్యూటన్ మీటర్లు. ఆయుధం జడత్వ భ్రామకం 3, కోణీయ వేగం సెకనుకు 150 రేడియన్లు అయితే వాటి లబ్ధం 450. 1370ని 450తో భాగిస్తే సెకనుకు 3 రేడియన్ల పైచిలుకు, అంటే సెకనుకు సుమారు సగం చుట్టు. అంతకన్నా వేగంగా మలుపు తిప్పితే చక్రం లేస్తుంది. చక్రాలను మధ్య నుంచి 50 సెంటీమీటర్ల దూరానికి జరిపితే ఈ హద్దు సెకనుకు 4.3 రేడియన్లు దాటుతుంది. ఆయుధాన్ని తగ్గించకుండా చక్రాలను కొంచెం బయటికి జరపడం ద్వారా బాట్‌ను అదుపులోకి తెచ్చుకోవచ్చన్న సంగతి ఈ భాగహారం చెబుతుంది.

పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సమయం

నా మొదటి మిడిల్‌వెయిట్ అడ్డ స్పిన్నర్ గ్యారేజ్‌లో పరీక్షించినప్పుడు అద్భుతంగా ఉండేది. నిలబెట్టిన బాట్‌ను ఒక్క దెబ్బకు గోడకు కొట్టేది. పోటీలో మాత్రం వెడ్జ్ బాట్‌ల మీద వరుసగా ఓడిపోయింది. ఎందుకో అర్థం కాక, ఒక బౌట్‌ను, అంటే ఒక పోరును, గడియారం పక్కన పెట్టుకుని చూశాను. వెడ్జ్ బాట్ అరీనా అవతలి చివర నుంచి నా దగ్గరకు చేరడానికి సుమారు రెండున్నర సెకన్లు పట్టింది. నా ఆయుధం పూర్తి వేగం అందుకోవడానికి నాలుగు సెకన్లు పైనే పడుతోంది. అంటే మొదటి ఢీ జరిగేసరికి ఆయుధం సగం పైచిలుకు వేగంలో, సుమారు మూడో వంతు శక్తితో ఉంది. ఢీ తరువాత అది ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నాలుగు సెకన్లు కావాలి, అంత వ్యవధి ప్రత్యర్థి ఎందుకు ఇస్తాడు?

అప్పటి నుంచి ఆయుధాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి కొలత గరిష్ఠ శక్తి కాదు, రెండు సెకన్లలో చేరగల శక్తి. ఆ బాట్‌కు సుత్తి తలలను తేలిక చేసి, వాటి నుంచి మిగిలిన బరువుతో ఆయుధానికి మరింత బలమైన మోటార్ పెట్టాను. గరిష్ఠ శక్తి తగ్గింది, గెలుపులు పెరిగాయి. పెర్మ్-80 లాంటి పెద్ద మోటార్ బరువు చూసి జంకేవారు ఈ కోణంలో ఆలోచించాలి: ఆయుధం తలకు వేసిన కిలో దెబ్బను పెంచుతుంది, మోటార్‌కు వేసిన కిలో దెబ్బల సంఖ్యను పెంచుతుంది. మూడు నిమిషాల బౌట్‌లో రెండోదే ఎక్కువ పని చేస్తుంది.

బ్యాటరీ, చక్రాలు

బ్యాటరీకి రెండు సంఖ్యలు ఉంటాయి, కొత్తవారు ఒకటే చూస్తారు. మొదటిది మొత్తం ఎంత విద్యుత్తు నిల్వ ఉంటుందన్నది. రెండోది ఒక్క క్షణంలో ఎంత ఇవ్వగలదన్నది. మోటార్లన్నీ ఒకేసారి లాగితే రెండో సంఖ్య చాలక అన్నీ కలిసి నీరసిస్తాయి. ఆయుధం తిప్పుతూ ముందుకు దూకినప్పుడు బాట్ మందగిస్తోందంటే నిల్వ తక్కువని కాదు, ఇచ్చే రేటు చాలడం లేదని అర్థం. అప్పుడు పెద్ద బ్యాటరీ ఒకటి వేయడం కన్నా చిన్నవి రెండు వేయడం మేలవుతుందేమో పోల్చి చూడండి. నిల్వ సంగతి వేరు: చివరి అర నిమిషంలో మాత్రమే నీరసం వస్తే అది నిల్వ లోపం. పూర్తి బౌట్ సమయం ఆయుధాన్ని ఆపకుండా తిప్పి, గ్యారేజ్ పరీక్షలోనే ఇది తేల్చుకోవాలి. బౌట్ ముగిసేసరికి బ్యాటరీలో సగం మిగిలిపోతే అది కూడా లోపమే, ఆ బరువు మరోచోట ఉండవలసింది.

చక్రాల మోటార్లకు జెడ్-టెక్ వైపు చాలామంది మొగ్గుతారు, బరువుకు తగ్గ బలం ఇస్తుంది కాబట్టి. ఎన్ని చక్రాలు అన్నదానికి ఒకే సమాధానం లేదు. రెండు చక్రాలతో బరువు మిగులుతుంది, చురుకుగా తిరుగుతుంది, కానీ ఒక్క చక్రం పోతే బాట్ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నాలుగు చక్రాలైతే ఒకటి పోయినా నడుస్తుంది. కదలలేని బాట్‌కు ఓటమి లెక్కింపు మొదలవుతుంది కాబట్టి చక్రాల విషయంలో పిసినారితనం వద్దని నా సలహా. చక్రాలు చాసిస్ కన్నా ఎత్తుగా ఉంటే బాట్ తలకిందులైనా నడుస్తుంది. అలా కుదరకపోతే తిరిగి లేచే మార్గం తప్పక ఉండాలి. ఫ్లిప్పర్ చేయి ఉన్నవారికి అదే చాలు, స్నాపర్ లాంటి బర్స్ట్ మోటార్‌తో (ఒక్క ఊపున కదిలే మోటార్‌తో) ఆయుధాన్ని ఎత్తేవారికి కూడా. నిలువు స్పిన్నర్ కట్టేవారు పడిపోయాక లేవడం గురించి ఆలోచించకుండా బాట్ కట్టడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు.

ఇప్పుడు చాసిస్

ఈ దశకు వచ్చేసరికి మీ దగ్గర భాగాల జాబితా ఉంటుంది. ఇక చాసిస్ అనేది ఆ భాగాలు పట్టే అతి చిన్న గూడు. ఎందుకు అతి చిన్నది అన్నదానికి అసలు లోహాల లెక్క ఒకటి చెబుతాను. 80 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టె మొత్తం ఉపరితలం 1.52 చదరపు మీటర్లు. దానికి 3 మిల్లీమీటర్ల టైటానియం తొడిగితే సుమారు 20.5 కిలోలు. అదే పెట్టెను 60, 45, 15కు కుదిస్తే ఉపరితలం 0.86 చదరపు మీటర్ల లోపే ఉంటుంది; దానికి 5 మిల్లీమీటర్ల టైటానియం తొడిగినా బరువు 19 కిలోల చిల్లర. చిన్న బాట్ మందమైన కవచం కప్పుకుని, పెద్ద బాట్ పలుచని కవచంతో ఉన్నదానికన్నా తేలికగా ఉంటుంది. ఆటలోని కిలోలు వేరుగా ఉండవచ్చు, నిష్పత్తి మాత్రం ఇలాగే పనిచేస్తుంది.

గళ్ల పలక మీద గీసే ముందు బ్యాటరీలు, మోటార్లు, బాట్‌ను నడిపే కంట్రోల్ బోర్డు ఎన్నేసి గళ్లు ఆక్రమిస్తాయో కొలుచుకోవాలి. ఇందుకు నేను ఒక పెద్ద ఖాళీ చాసిస్‌ను విడిగా దాచుకున్నాను. భాగాలన్నీ అందులో ఒకదానికొకటి ఆనించి పేర్చి, బయటి అంచులు ఎక్కడ పడుతున్నాయో కాగితం మీద గుర్తు వేసుకుని, ఆ గుర్తుల ప్రకారం అసలు చాసిస్ గీస్తాను. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఆకారం మార్చాలంటే బిగించినవన్నీ ఊడదీసి మొదటి నుంచి కట్టవలసి వస్తుంది కాబట్టి ఇక్కడ పెట్టిన అరగంట తరువాత మూడు గంటలు మిగులుస్తుంది. కంట్రోల్ బోర్డు లేకుండా బాట్ బాట్ కాదు. దానికి ప్రత్యర్థి ఆయుధం చేరని నడిమధ్యన, వీలైతే బ్యాటరీల వెనుక, చోటు ఇవ్వండి.

చాసిస్ ముందుభాగాన్ని వాలుగా గీయడం వల్ల మేలు ఉంటుంది, దెబ్బ నేరుగా కాకుండా జారుతూ తగులుతుంది. అయితే వాలు నేలకు ఎంత దగ్గరగా ఉందన్నదే వెడ్జ్ పోరును తేలుస్తుంది. రెండు వెడ్జ్‌లు ఎదురైనప్పుడు కిందుగా ఉన్నదే గెలుస్తుంది. చక్రాలు కొంచెం పెద్దవైతే ముందుభాగం లేచి అరచేతి మందం ఖాళీ ఏర్పడుతుంది, ప్రత్యర్థికి అంతకు మించి అక్కర్లేదు. చక్రం పరిమాణం మార్చిన ప్రతిసారీ కెమెరాను నేల మట్టానికి దించి, వాలు అంచు కింద వెలుతురు కనబడుతోందో లేదో చూడటం నాకు అలవాటు.

వైరింగ్, పరీక్ష

వైరింగ్‌లో చెప్పుకోవలసింది తక్కువ. ముందుకు వెనక్కు కదలికకు ఒకటి, పక్కలకు తిరగడానికి ఒకటి అనలాగ్ కంట్రోల్స్ పెట్టి, కుడి మోటార్లకూ ఎడమ మోటార్లకూ దిశలు సరిగా ఇవ్వాలి. ఎదురెదురుగా బిగించిన మోటార్లు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి కాబట్టి, ఒకే దిశ ఇస్తే బాట్ ముందుకు పోవలసింది పోయి గుండ్రంగా తిరుగుతుంది. స్పిన్నర్ ఆయుధానికి స్విచ్ ఇవ్వండి, బటన్ కాదు. వేలు నొక్కిపట్టుకుని నడపడం కష్టం. ఫ్లిప్పర్‌కు బటన్.

పరీక్ష మాత్రం ఓపికతో చేయవలసిన పని. ఒక్కసారికి ఒక్క మార్పు చేయాలి. మోటార్ మార్చి, చక్రాలు జరిపి, కవచం పెంచి అప్పుడు ఆడితే, గెలిచినా ఓడినా కారణం తెలియదు. ప్రతి మార్పునూ కొత్త పేరుతో దాచుకుని, ఒకే ప్రత్యర్థితో కనీసం పది బౌట్లు ఆడి, పక్కన ఒక నోటు పుస్తకంలో మూడు విషయాలు రాయండి: ఎవరు గెలిచారు, మొదట ఊడిన భాగం ఏది, అది ఎన్నో సెకనులో ఊడింది. గెలుపు ఓటముల లెక్క కన్నా రెండో గడి ఎక్కువ చెబుతుంది. పదిలో ఆరుసార్లు ఎడమ ముందు చక్రమే ముందుగా పోతుంటే, మీ ఆయుధం తిరిగే దిశ ప్రత్యర్థిని అటే తోస్తోందేమో చూడాలి. అప్పుడు చక్రాన్ని గట్టిది చేయడం కన్నా ఆయుధాన్ని ఎదురు దిశలో తిప్పడం మంచి మందు కావచ్చు, దానికి ఒక్క గ్రాము బరువు కూడా ఖర్చు కాదు.

పరీక్షకు ప్రత్యర్థులను కూడా ఎంచుకోవాలి. ఆటతో వచ్చిన బాట్‌లన్నిటినీ గెలవడం మొదటి మెట్టే. ఆ తరువాత మీ బాట్‌కు విరుగుడు అనుకున్న బాట్‌ను మీరే కట్టండి. అడ్డ స్పిన్నర్ కట్టినవారు ఒక బలమైన వెడ్జ్‌ను, నిలువు స్పిన్నర్ కట్టినవారు ఒక పొట్టి, వేగమైన ర్యామర్‌ను, ఫ్లిప్పర్ కట్టినవారు తలకిందులైనా నడిచే బాట్‌ను కట్టి దాని మీద ఆడాలి. శత్రువును నిజాయితీగా, గెలవాలన్న పట్టుదలతో కట్టాలి. నా వెడ్జ్ బాట్ అలా పరీక్ష కోసం కట్టిందే, ఇప్పుడు దాన్ని పోటీలకు కూడా తీసుకెళ్తున్నాను.

ఓడిన బౌట్లలో ఎన్ని డిజైన్ వల్ల, ఎన్ని నడపడం వల్ల అన్నది విడదీయడం అవసరం. స్పిన్నర్ ఉన్నవారు గంట మోగగానే ముందుకు దూకకుండా, వెనక్కి జరుగుతూ ఆయుధం వేగం అందుకునేదాకా ఆగాలి. ఢీ తరువాత కూడా వెంటనే మళ్లీ మీద పడకూడదు. వెడ్జ్ నడిపేవారు దీనికి ఎదురుగా చేయాలి: ఆయుధం వేగం అందుకోకముందే చేరుకోవాలి, చేరిన తరువాత గోడ దాకా వదలకూడదు. పది బౌట్లు ఇలా నడిపి కూడా అదే భాగం అదే సమయంలో ఊడుతుంటే అప్పుడు మళ్లీ గ్యారేజ్‌లోకి వెళ్లండి.

చివరి కొన్ని కిలోలు మిగిలినప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. బరువు పట్టీలో 399.9 చూపించేదాకా ఏదో ఒక ముల్లు అతికించవద్దు. ఆ బరువును కొన్ని రోజులు ఖాళీగానే ఉంచండి. నోటు పుస్తకంలోని రెండో గడిలో ఏ భాగం పేరు ఎక్కువసార్లు కనబడుతుందో, దాని ముందు ఒక చిన్న కాపు రూపంలో అది వెళ్లాలి.